అర్జున అవార్డు - అమెచ్యూర్ బాక్సింగ్‌లో యువతరం

(ప్రత్యేక వ్యాసం)

క్రీడారంగంలో విశిష్ట ప్రతిభ కనబరచిన వారిని గౌరవించే ఉద్దేశంతో భారత ప్రభుత్వం 1961వ సంవత్సరంలో అర్జున అవార్డును నెలకొల్పింది. ఆ తొలి జాబితాలోనే బాక్సింగ్ క్రీడకు స్థానం లభించింది. ఎల్. బడ్డీ డిసౌజా ఈ అవార్డును స్వీకరించిన మొదటి బాక్సర్. నాటి నుంచి ఆరు దశాబ్దాలకు పైగా సాగిన ఈ పురస్కారాల పట్టికను వరుసగా చదివితే, దేశంలో అమెచ్యూర్ బాక్సింగ్ ఎక్కడ పుట్టి, ఎవరి చేతుల్లో పెరిగి, ఏయే ఊళ్లకు చేరిందో చాలావరకు తెలుస్తుంది. పదిహేను, పదహారేళ్ల వయసులో ప్రపంచ విజేతగా నిలిచిన ఒక బాక్సర్‌ను జాతీయ పురస్కారం ఎన్నేళ్లకు వరించిందన్న విషయం కూడా ఆ పట్టిక నుంచే తెలుస్తుంది. కొందరి విషయంలో ఆ నిరీక్షణ చాలా దీర్ఘమైనది.

జాతీయ క్రీడా పురస్కారాలలో యూత్ విభాగానికంటూ ప్రత్యేకమైన బాక్సింగ్ అవార్డు లేదు. యువ బాక్సర్లకు లభించే గుర్తింపు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, పోటీ ముగిసిన రోజే నిర్వాహకులు ప్రకటించే 'ఉత్తమ బాక్సర్' బహుమతి. రెండవది, సీనియర్ స్థాయికి ఎదిగి అంతర్జాతీయ పతకాలు సాధించిన తరువాత లభించే అర్జున అవార్డు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

'ఉత్తమ బాక్సర్' సంప్రదాయం

ఒక పోటీలో పాల్గొన్న వారందరిలో అత్యుత్తమ నైపుణ్యం ప్రదర్శించిన వ్యక్తిని ఎంపిక చేసి ట్రోఫీ బహూకరించడం బాక్సింగ్‌లో పాత ఆచారం. దీనికి అత్యున్నత ఉదాహరణ ఒలింపిక్ క్రీడలలో ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ. అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్ నిర్వహణలో కీలక పాత్ర వహించిన బ్రిటిష్ ప్రముఖుని పేరిట ఈ ట్రోఫీ ఏర్పాటయింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో దీనిని తొలిసారిగా అమెరికాకు చెందిన లూయిస్ లారీకి ప్రదానం చేశారు. ఆ క్రీడలలో ఆయనకు దక్కినది కాంస్య పతకం మాత్రమే కావడం గమనార్హం. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కెన్యా బాక్సర్ ఫిలిప్ వరుయింగే సైతం కాంస్యంతోనే ఈ ట్రోఫీని అందుకున్నాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో తుదిపోరులో ఓడినట్లు ప్రకటించబడిన రాయ్ జోన్స్‌కు రజతంతో పాటు వాల్ బార్కర్ ట్రోఫీ కూడా లభించింది. ఆనాటి తీర్పుపై ప్రపంచమంతటా విమర్శలు వెల్లువెత్తాయి. ఫలితంగా 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నాటికి కంప్యూటర్ ద్వారా పాయింట్లు లెక్కించే విధానం అమలులోకి వచ్చింది.

అనగా ఈ ట్రోఫీ పతకాల లెక్కతో ముడిపడినది కాదు. రింగ్ పక్కన కూర్చున్నవారు కళ్లారా చూసి, కాళ్ల కదలికను, రక్షణను, దెబ్బలోని కచ్చితత్వాన్ని తూచి ఇచ్చే గౌరవమది. మన దేశంలో జాతీయ పోటీలలోనూ ఇదే సంప్రదాయం కొనసాగుతున్నది. సబ్ జూనియర్, జూనియర్, యూత్ స్థాయిలలో ఒక బాలుని లేదా బాలిక పేరు మొదటిసారిగా శిక్షకుల చెవిన పడేది తరచుగా ఈ బహుమతి ద్వారానే. 17, 18 ఏళ్ల వారిని యూత్ విభాగంగాను, అంతకు ముందరి రెండేళ్ల వయసు వారిని జూనియర్ విభాగంగాను పరిగణిస్తారు.

సైనిక శిబిరాల నుంచి

అర్జున అవార్డు తొలి రెండు దశాబ్దాల చరిత్రలో సైన్యానికే సింహభాగం దక్కుతుంది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో లైట్ వెయిట్ విభాగంలో స్వర్ణం సాధించిన పదమ్ బహదూర్ మల్ సైనికుడు. ఆసియా క్రీడల బాక్సింగ్‌లో భారతదేశానికి అదే మొదటి స్వర్ణం. ఆ క్రీడలలో ఉత్తమ బాక్సర్‌గా కూడా ఆయన ఎంపికయ్యారు. అదే సంవత్సరం అర్జున అవార్డు లభించింది. పోటీ బహుమతి, జాతీయ పురస్కారం ఒకే ఏడాదిలో ఒకే వ్యక్తిని వరించడం అరుదైన సంఘటన.

ఆ తరువాత మరల బాక్సింగ్ పేరు వినిపించింది 1966లో. హెవీ వెయిట్ బాక్సర్ హవా సింగ్ ఆ సంవత్సరం బ్యాంకాక్ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలుచుకున్నారు. 1970లో అదే నగరంలో జరిగిన క్రీడలలో ఆ స్వర్ణాన్ని నిలబెట్టుకున్నారు. ఆసియా క్రీడల బాక్సింగ్‌లో వరుసగా రెండుసార్లు స్వర్ణం సాధించిన భారతీయుడు ఆయనే. సైన్యం నుంచి విరమించిన తరువాత హర్యానాలోని భివానీలో యువకులకు శిక్షణ ఇచ్చారు. నేడు దేశంలో బాక్సింగ్ అనగానే భివానీ పేరు స్ఫురించడానికి పునాది వేసిన వారిలో హవా సింగ్ ప్రథములు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డుకు 1999 సంవత్సరానికిగాను ఆయన ఎంపికయ్యారు. అయితే ప్రదానోత్సవానికి కొద్ది రోజుల ముందు, 2000 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

ద్రోణాచార్య అవార్డు 1985లో ప్రారంభమైనప్పుడు తొలి గ్రహీతలలో ఒకరు బాక్సింగ్ శిక్షకుడు ఓ.పి. భరద్వాజ్ అన్న విషయాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవడం సముచితం.

1968లో డెన్నిస్ స్వామి, 1971లో మునిస్వామి వేణు, 1973లో మెహతాబ్ సింగ్ అర్జున అవార్డును స్వీకరించారు. 1982 న్యూఢిల్లీ ఆసియా క్రీడలలో హెవీ వెయిట్ స్వర్ణం సాధించిన కౌర్ సింగ్‌కు అదే ఏడాది అర్జున అవార్డు దక్కింది. 1980లో ఢిల్లీకి వచ్చిన మహమ్మద్ అలీతో ప్రదర్శన పోటీలో తలపడిన బాక్సర్‌గా కూడా ఆయన పేరు చరిత్రలో నిలిచింది. ఆయన 2023 ఏప్రిల్‌లో మరణించారు.

ఈ తరం బాక్సర్లలో పలువురు సైన్యంలో చేరిన తరువాతనే గ్లవ్స్ తొడుక్కున్నవారు. బాల్యంలో బాక్సింగ్ నేర్చుకుని, జూనియర్ స్థాయి నుంచి మెట్టు మెట్టుగా ఎదిగే అవకాశం అప్పట్లో బహు తక్కువ. కాబట్టి యువ విజేతను అవార్డు ఎప్పుడు వరించాలన్న ప్రశ్న కూడా అప్పట్లో అంతగా తలెత్తలేదు.

మణిపూర్ మలుపు

ఆ ప్రశ్నకు బీజం పడింది ఈశాన్య భారతంలో అనవచ్చు. మణిపూర్‌కు చెందిన డింకో సింగ్ 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో బాంటమ్ వెయిట్ స్వర్ణం సాధించి, అదే సంవత్సరం అర్జున అవార్డు అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్లు నిండీ నిండనిది. ఆసియా క్రీడలలో పదహారేళ్ల విరామం తరువాత భారత బాక్సింగ్‌కు దక్కిన ఆ స్వర్ణం మణిపూర్‌లోని ఎందరో బాలబాలికలను బాక్సింగ్ వైపు నడిపించింది. తన అభిరుచికి డింకో విజయమే ప్రేరణ అని మేరీ కోమ్ పలుమార్లు చెప్పారు. డింకో సింగ్ 2021 జూన్‌లో మృతి చెందారు.

మహిళల ప్రపంచ బాక్సింగ్ చాంపియన్‌షిప్ 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో మొదలయింది. అందులో రజతం, 2002లో టర్కీలోని అంటాల్యాలో స్వర్ణం సాధించిన మేరీ కోమ్‌కు 2003లో అర్జున అవార్డు ప్రకటించారు. నలభై రెండేళ్ల అవార్డు చరిత్రలో ఆమె మొదటి మహిళా బాక్సర్. మహిళల బాక్సింగ్‌కు ఒలింపిక్స్‌లో ప్రవేశం లభించింది 2012లో. అనగా ఒలింపిక్ గుర్తింపు కన్నా తొమ్మిదేళ్లు ముందుగానే భారత ప్రభుత్వం ఒక మహిళా బాక్సర్‌ను సత్కరించింది. ఈ విషయంలో మన పురస్కారం కాలం కన్నా ముందే నడిచిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

పురుషులలో 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలలో మహమ్మద్ అలీ ఖమర్ ఆ క్రీడల బాక్సింగ్‌లో భారతదేశానికి తొలి స్వర్ణం తెచ్చి, అదే ఏడాది అవార్డు పొందారు. 2005లో అఖిల్ కుమార్‌కు, 2006లో విజేందర్ సింగ్‌కు ఈ గౌరవం దక్కింది. విజేందర్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించడంతో ఒలింపిక్ బాక్సింగ్ పతకాల పట్టికలో భారత్ పేరు మొదటిసారిగా చేరింది. 2009లో విజేందర్, మేరీ కోమ్, మల్లయోధుడు సుశీల్ కుమార్‌లకు కలిపి అత్యున్నత క్రీడా పురస్కారమైన ఖేల్ రత్నను ప్రదానం చేశారు.

గెలుపోటముల మధ్య ఎంత సన్నని గీత ఉంటుందో చెప్పడానికి గురుచరణ్ సింగ్ ఉదంతం చాలు. 1999 సంవత్సరపు అర్జున గ్రహీత అయిన ఆయన 2000 సిడ్నీ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో చివరి క్షణాల వరకు ఆధిక్యంలో ఉన్నారు. ఆఖరి సెకన్లలో ప్రత్యర్థి స్కోరు సమం చేయగా, సమమైనప్పుడు అనుసరించే లెక్కింపులో వెనుకబడి పతకానికి దూరమయ్యారు. అప్పటి కంప్యూటర్ పాయింట్ల పద్ధతిని 2013లో విరమించి, రౌండుకు పది పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టారు. అవార్డు కోసం లెక్కించే పతకాలు ఇటువంటి క్షణాల మీదనే ఆధారపడి ఉంటాయి.

యూత్ పతకానికి విలువ ఎంత

అర్జున అవార్డుకు ఎంపికలో గత నాలుగేళ్లుగా అంతర్జాతీయ స్థాయిలో నిలకడగా చూపిన ప్రతిభ, నాయకత్వం, క్రీడాస్ఫూర్తి, క్రమశిక్షణ ప్రధాన ప్రమాణాలు. ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడల పతకాలకు ఎక్కువ ప్రాధాన్యం ఉంటుంది. ఇవన్నీ సీనియర్ స్థాయి పోటీలు. యూత్ స్థాయిలో ప్రపంచ విజేత అయినప్పటికీ, సీనియర్ విభాగంలో అడుగుపెట్టి మరల మొదటి నుంచి పోరాడవలసినదే. జూనియర్, యూత్ పతకాలకు కేంద్ర ప్రభుత్వ నగదు ప్రోత్సాహకాలు ఉన్నప్పటికీ, అర్జున విగ్రహం వేరు. నగదు బహుమతిని 2020లో 5 లక్షల రూపాయల నుంచి 15 లక్షల రూపాయలకు పెంచారు. దానితో పాటు కాంస్య ప్రతిమ, ప్రశంసాపత్రం అందజేస్తారు.

ఈ దూరాన్ని వేగంగా దాటినవారు కొందరున్నారు. వికాస్ కృషన్ 2010లో బాకూలో యూత్ ప్రపంచ విజేతగా నిలిచి, అదే ఏడాది గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో సీనియర్ స్వర్ణం గెలిచి, 2012లో అర్జున అవార్డు అందుకున్నారు. అదే 2010లో సింగపూర్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం సాధించిన అస్సాం బాక్సర్ శివ థాపాకు మాత్రం 2016 వరకు నిరీక్షణ తప్పలేదు.

ఇక తెలుగువారికి సుపరిచితమైన నిఖత్ జరీన్ ప్రస్థానాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంది. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ మొదట పరుగు పందేలలో సాధన చేసింది. తండ్రి ప్రోత్సాహంతో బాక్సింగ్ వైపు మళ్లి, నిజామాబాద్‌లో శిక్షకుడు శంసముద్దీన్ వద్ద ఓనమాలు నేర్చుకుంది. 2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో చేరి, శిక్షకుడు ఐ. వెంకటేశ్వరరావు పర్యవేక్షణలో సాధన సాగించింది. మరుసటి ఏడాది ఈరోడ్‌లో జరిగిన జాతీయ పోటీలలో ఉత్తమ బాక్సర్‌గా ఎంపికైంది. 2011లో అంటాల్యాలో జరిగిన జూనియర్, యూత్ మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్వర్ణం సాధించినప్పుడు ఆమెకు పదిహేనేళ్లు నిండలేదు. తొమ్మిదేళ్ల ముందు మేరీ కోమ్ సీనియర్ స్వర్ణం గెలిచినదీ ఆ నగరంలోనే. వెంకటేశ్వరరావుకు 2011 సంవత్సరపు ద్రోణాచార్య అవార్డు లభించింది.

శిష్యురాలి విషయంలో మాత్రం పదకొండేళ్లు గడిచాయి. సీనియర్ విభాగంలో ఆమె బరువు తరగతిలో అప్పటికే మేరీ కోమ్ ఉన్నారు. 2017లో భుజానికి గాయమై చాలా కాలం రింగ్‌కు దూరమైంది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా, ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణ విజేతగా నిలిచిన తరువాత, అదే ఏడాది నవంబర్ 30న రాష్ట్రపతి భవన్‌లో రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా నిఖత్ అర్జున అవార్డును స్వీకరించింది. 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండవసారి ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్ ఫైనల్‌లో వెనుదిరిగింది. ఆ తరువాత తెలంగాణ ప్రభుత్వం ఆమెను పోలీసు శాఖలో డీఎస్పీగా నియమించింది.

ఈ పదకొండేళ్లలో నిఖత్‌కు నిలబడటానికి కుటుంబం, శిక్షణ కేంద్రం తోడుగా ఉన్నాయి. అవి లేని జిల్లా స్థాయి యూత్ విజేతలు ఎందరు మధ్యలోనే గ్లవ్స్ విడిచిపెట్టారో ఏ జాబితాలోనూ కనిపించదు.

శంసముద్దీన్ కుమారుడు మహమ్మద్ హుసాముద్దీన్ కూడా నిజామాబాద్ బాక్సరే. 2018 గోల్డ్‌కోస్ట్, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో కాంస్యాలు సాధించాడు. 2023 తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సెమీఫైనల్ చేరి, మోకాలి గాయంతో బరిలో దిగలేక కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. 2023 సంవత్సరపు అర్జున అవార్డు ఆయనను వరించింది. వరుసగా రెండు సంవత్సరాలు ఒకే పట్టణపు బాక్సర్లు, అదీ ఒకే శిక్షకుని వద్ద తొలి పాఠాలు నేర్చినవారు, ఈ అవార్డును అందుకోవడం తెలుగు ప్రాంతానికి గర్వకారణం. విశాఖపట్నానికి చెందిన నగిశెట్టి ఉషకు 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు లభించిన సంగతి కూడా ఈ సందర్భంగా పేర్కొనదగినది. ఆమె ప్రపంచ చాంపియన్‌షిప్ పతక విజేత.

నియమాలు, వివాదాలు

డోపింగ్ నేరం రుజువైన వారిని అవార్డుకు పరిగణించరాదన్న నిబంధన ఇద్దరు బాక్సర్ల విషయంలో భిన్నమైన రీతిలో చర్చకు వచ్చింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల స్వర్ణ విజేత మనోజ్ కుమార్ పేరు 2014 జాబితాలో చోటు చేసుకోలేదు. ఆయనకు డోపింగ్‌తో సంబంధం ఉన్నదన్న పొరపాటు అభిప్రాయమే ఇందుకు కారణమని తేలింది. ఆయన ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, అదే ఏడాది అవార్డు లభించింది.

అమిత్ పంఘల్ ఉదంతం మరింత ఆలోచింపజేసేది. 2012లో, ఇంకా యువ బాక్సర్‌గా ఉన్న దశలో, ఆయన డోపింగ్ పరీక్షలో విఫలమై ఒక ఏడాది నిషేధానికి గురయ్యాడు. అనారోగ్యానికి తీసుకున్న చికిత్స వల్లనే అలా జరిగిందని ఆయన వివరణ. 2018 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం, 2019 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం సాధించినా ఆ పాత నిషేధం అవార్డుకు అడ్డుగా నిలిచింది. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చేరిన మొదటి భారతీయ పురుష బాక్సర్ ఆయనే. నిషేధ కాలం పూర్తి చేసుకున్న వారిని పరిశీలించవచ్చునని తరువాత నిబంధన సడలించారు. 2022లో నిఖత్‌తో పాటు అమిత్ కూడా అర్జున గ్రహీత అయ్యాడు. పదహారు, పదిహేడేళ్ల వయసులో వేసుకున్న మందు పదేళ్ల పాటు వెంటాడిందన్నమాట. జలుబు మాత్రకైనా జట్టు వైద్యుని అనుమతి తీసుకోవాలని శిక్షకులు యువ బాక్సర్లకు పదే పదే చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

నిర్వహణ సంస్థల వివాదాలు కూడా యువతను బాధించాయి. ఎన్నికల నిర్వహణపై ఆక్షేపణలతో 2012 డిసెంబర్‌లో అంతర్జాతీయ సమాఖ్య భారత అమెచ్యూర్ బాక్సింగ్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. 2013లో ఆల్మటీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన బాక్సర్లు జాతీయ పతాకం కింద కాక అంతర్జాతీయ సమాఖ్య పతాకం కింద పోటీ చేయవలసి వచ్చింది. 2016లో ప్రస్తుత బాక్సింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 'అమెచ్యూర్' అన్న మాట సంస్థల పేర్ల నుంచి క్రమంగా తొలగిపోయింది. 2016 రియో ఒలింపిక్స్‌లో వృత్తి బాక్సర్లకు సైతం అనుమతి లభించింది. అయినా మూడు రౌండ్ల ఒలింపిక్ తరహా బాక్సింగ్‌ను మన క్రీడాభిమానులు ఇప్పటికీ అమెచ్యూర్ బాక్సింగ్‌గానే వ్యవహరిస్తున్నారు.

గౌహతి బాలికలు

2017 నవంబర్‌లో గౌహతి నగరం యూత్ మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ఆతిథ్యమిచ్చింది. భారత బాలికలు ఐదు స్వర్ణాలు కైవసం చేసుకున్నారు. నీతూ ఘంఘస్, జ్యోతి గులియా, సాక్షి చౌదరి, శశి చోప్రా, అంకుషిత బోరో ఆ విజేతలు. ఒకే యూత్ ప్రపంచ పోటీలో ఐదుగురు భారతీయులు విజేతలు కావడం అపూర్వం.

వారిలో భివానీ ప్రాంతానికి చెందిన నీతూ 2018లో బుడాపెస్ట్‌లోనూ యూత్ ప్రపంచ స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. 2022 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, 2023 న్యూఢిల్లీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 48 కిలోల విభాగంలో స్వర్ణం ఆమె ఖాతాలో చేరాయి. 2024 సంవత్సరానికి ప్రకటించిన అర్జున అవార్డుల జాబితాలో నీతూతో పాటు, 2023లోనే 81 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయిన సవీటీ బూరా పేరు కూడా ఉంది. 2025 జనవరి 17న రాష్ట్రపతి భవన్‌లో వీరికి అవార్డులను ప్రదానం చేశారు. గౌహతిలో నీతూ సాధించిన యూత్ స్వర్ణానికి అప్పటికి ఏడేళ్లు దాటాయి. ఆనాటి ఐదుగురు యూత్ విజేతలలో అర్జున అవార్డు జాబితాకు మొదట చేరినది ఆమే.